చెత్తబండి వస్తుందిలే!

ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "జావా ప్రోగ్రామ్‌లో మెమరీ లీక్ అవుతుందా?" ఎక్కువమంది ఆలోచించకుండా చెప్పే జవాబు: "అవదు సార్. గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా, అదే చూసుకుంటుంది." వాళ్లకి మార్కులు తగ్గించడానికి నాకు చెయ్యి రాదు. ఉద్యోగంలో చేరిన ఐదేళ్లకి కూడా నేనూ అదే చెప్పేవాణ్ణి. కాలేజీలో అలాగే చెప్పారు, కోచింగ్ నోట్సులో అలాగే ఉంది, ఆఫీసులో సీనియర్లూ అలాగే అన్నారు. "అదే చూసుకుంటుంది" అన్న ఆ రెండు మాటలు మన వృత్తిలో చాలా బద్ధకానికీ, కొంత అన్యాయానికీ గొడుగు పడుతున్నాయని నా ఫిర్యాదు.

ప్రోగ్రాములు రాయని పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మెమరీలో చోటు అడుగుతూనే ఉంటుంది. సీ లాంటి భాషల్లో అలా తీసుకున్న చోటుని పని అయ్యాక ప్రోగ్రామరే తిరిగి ఇచ్చెయ్యాలి. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఇంకా వాడుతున్నదాన్ని తొందరపడి ఇచ్చెయ్యడం ఒకటి, పని అయిపోయినా ఇవ్వడం మర్చిపోవడం రెండోది. మొదటిది మహా ప్రమాదం. తమ ఉత్పత్తుల్లోని తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ తప్పూ, దీని చుట్టాలూ కలిసి తెచ్చినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో, గూగుల్ క్రోమ్ బృందం 2020లో చెప్పాయి. కాబట్టి పాత రోజులే మేలని నేను అనబోవడం లేదు. 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ గార్బేజ్ కలెక్షన్ కనిపెట్టడం మన వృత్తికి జరిగిన గొప్ప మేళ్లలో ఒకటి. మొదటి తప్పుని అది దాదాపు తుడిచిపెట్టేసింది. రెండోదాన్ని మాత్రం సగమే తీర్చింది. ఆ మిగిలిన సగం గురించే నా గొడవ.

తికమక పేరుతోనే మొదలైంది. మెకార్తీ 1960 నాటి తన పేపర్లో ఈ పద్ధతిని వర్ణించాడు గానీ ఈ పేరు వాడలేదు. అప్పటికే తాము అలా పిలుచుకుంటున్నా పేపర్లో రాయడానికి ధైర్యం చాలలేదేమోనని తర్వాత సరదాగా చెప్పుకున్నాడు. రాయకపోయినా పేరు నిలబడిపోయింది. ఆ పేరు వినగానే మనకి పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చే చెత్తబండి గుర్తొస్తుంది. బుట్ట బయట పెడితే చాలు, ఎవరో వచ్చి పట్టుకుపోతారు.

జావాలోనో గోలోనో ఉన్న కలెక్టర్ చేసే పని అది కాదు. అది వెతికేది బతికున్నవాటిని. నడుస్తున్న ఫంక్షన్లలోని వేరియబుల్స్, స్టాటిక్ వేరియబుల్స్ లాంటి కొన్ని మొదళ్ల దగ్గర బయల్దేరి, వాటికి కట్టి ఉన్న తాళ్లు పట్టుకుని ఒక్కో వస్తువునీ తాకుతూ పోతుంది. తాకగలిగింది ఉంటుంది, తాకలేనిది పోతుంది. "ఇది మీకింకా అవసరమా?" అని అది అడగదు. ఆ సంగతి దానికి తెలిసే దారే లేదు.

మన ఇళ్లలో అటక ఉంటుంది చూడండి. పిడి ఊడిన కుక్కర్, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, ఎవరి పెళ్లికో అచ్చేస్తే మిగిలిపోయిన శుభలేఖలు. వాటితో ఎవరికీ పని లేదు. అలాగని చెత్తబండి మనిషి లోపలికొచ్చి అటకెక్కడు. మనమే కిందికి దించాలి. జావా లాంటి భాషల్లో మెమరీ లీక్ అంటే ఇదే: పని తీరిపోయినా తాడు తెగని సామాను.

నా అటక కథ చెప్తాను. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బస్సు టికెట్ల సర్వీస్ మీద పనిచేశాను. సెర్చ్ త్వరగా అవ్వాలని ప్రతి సెర్చ్ ఫలితాన్నీ ఒక స్టాటిక్ మ్యాప్‌లో దాచాను. దాచే కోడ్ రాశాను, తీసేసే కోడ్ రాయలేదు. రాయాలని తట్టనే లేదు, కలెక్టర్ ఉంది కదా! మామూలు రోజుల్లో వారానికోసారి కొత్త వెర్షన్ పెట్టేవాళ్లం, ఆ రీస్టార్టుతో అంతా ఖాళీ అయిపోయేది. సంక్రాంతి ముందు జనం ఊళ్లకి బయల్దేరే వారాల్లో బయటపడింది. హీప్ నిండిపోగానే కలెక్టర్ వస్తుంది, ఉన్న లక్షల వస్తువుల్నీ తాకుతుంది, అన్నిటికీ తాడుంది, దాదాపు ఉత్తచేతులతో వెళ్తుంది, వెంటనే మళ్లీ వస్తుంది. అది తిరుగుతున్నంతసేపూ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. టికెట్ కోసం కూర్చున్నవాడికి తెరమీద చక్రం తిరుగుతూ ఉంటుంది.

మేం ముందు హీప్‌ని 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచాం. కూలడం ఆలస్యమైంది గానీ, ఆగినప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆగింది. తాకాల్సినవి పెరిగాయి కదా. తర్వాత రాత్రి షిఫ్టులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక కుర్రాడికి, ఆరు గంటలకోసారి సర్వర్లని వరసగా రీస్టార్ట్ చేసే పని అప్పజెప్పాం. బుకింగులు మధ్యలో తెగకూడదు కాబట్టి మనిషి చూసుకుంటూ చెయ్యాలన్నారు.

ఒక రాత్రి మూడింటికి అతను ఫోన్ చేశాడు. "అన్నా, ఒకటడగాలె. రీస్టార్ట్ చేస్తే తగ్గుతుంది, మళ్ల మెల్లగ ఎక్కుతుంది. గ్రాఫ్‌ల కింది గీత ఎప్పుడు జూసినా పైకే పోతుంది. లోపల ఏందో దాచిపెడ్తున్నట్టుంది గద?"

జావాలో ఒక్క లైను రాయని మనిషి, నేను ఐదేళ్లుగా చూడనిదాన్ని గ్రాఫ్ చూసి పట్టుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న ప్రోగ్రామ్‌లో మెమరీ గ్రాఫ్ రంపపు పళ్లలా ఉంటుంది. పైకి లేస్తుంది, కలెక్టర్ రాగానే కిందికి పడుతుంది. చూడాల్సింది పళ్ల మొనల్ని కాదు, మొదళ్లని. అవి రోజురోజుకీ పైకి జరుగుతున్నాయంటే అటక నిండుతోందన్నమాట. మర్నాడు హీప్ డంప్ తీస్తే సగానికి పైగా నా మ్యాపే కూర్చుని ఉంది. ఇన్ని ఎంట్రీలకి మించకూడదని ఒక హద్దు, పది నిమిషాలు దాటితే తీసెయ్యాలని ఒక నియమం పెట్టాను. అరగంట పని. ఆ అరగంట నేను పెట్టనందుకు ఒక మనిషి పండగ ముందు రాత్రులన్నీ మేలుకున్నాడు. కారణం ఏమిటని పైవాళ్లు అడిగితే రిపోర్టులో "గార్బేజ్ కలెక్షన్ సమస్య" అని రాశాం. ఆ వాక్యం రాసింది నేనే. ఈ వ్యాసం దానికి సవరణ అనుకోండి.

భక్తులు ఇలా ఉంటే ఇంకోపక్క మంత్రగాళ్లున్నారు. అనుమానం వచ్చిన చోటల్లా సిస్టమ్ డాట్ జీసీ అని పిలుస్తారు. అది తాళ్లని తెంపదు, మామూలు సెట్టింగుల్లో ప్రోగ్రామ్ మొత్తాన్ని ఆపి హీప్ అంతా తిప్పిస్తుంది. ఇంకొందరు "కొత్త ఆబ్జెక్టులు పుట్టించడమే పాపం" అని ప్రతి చిన్నదాన్నీ పూల్‌లో దాచి మళ్లీ మళ్లీ వాడతారు. ఎక్కువ వస్తువులు పుట్టిన కాసేపటికే పోతాయన్న గమనింపు మీద డేవిడ్ అంగర్ 1984లో ఒక పద్ధతి వర్ణించాడు. జావా కలెక్టర్లు నేటికీ ఆ బాటలోనే నడుస్తున్నాయి. కొత్తగా పుట్టినవాటిని ఒక చోట ఉంచి, అందులో బతికున్న కొద్దిటినీ పక్కకి కాపీ చేసి, మిగతా చోటంతా ఒక్కసారే ఖాళీ అనుకుంటాయి. అంటే పోయినవాటికి దాదాపు ఖర్చు లేదు, ఖర్చంతా మిగిలినవాటికే. పుట్టి వెంటనే పోయే చిన్న ఆబ్జెక్టుని పూల్‌లో పెట్టి ముసలిదాన్ని చెయ్యడం చౌక బేరాన్ని ఖరీదు చేసుకోవడమే. డేటాబేస్ కనెక్షన్లు, పెద్ద బఫర్లు వేరు, వాటిని పుట్టించడమే కష్టం.

డిస్కార్డ్ కంపెనీ 2020లో తమ సర్వీస్ ఒకదాన్ని గో నుంచి రస్ట్‌కి మార్చిన కథ రాసింది. ప్రతి రెండు నిమిషాలకీ సర్వీస్ తడబడుతోంది. కారణం చెత్త కాదు, చెత్త చాలా తక్కువ. బతికున్న పెద్ద క్యాష్‌ని కలెక్టర్ మళ్లీ మళ్లీ తిరగాల్సి రావడం. క్యాష్ తగ్గిస్తే తడబాటూ తగ్గింది, కానీ డేటాబేస్ మీద భారం పెరిగింది. చివరికి భాషే మార్చారు. దీన్ని చదివి "చూశారా, జీసీ పనికిరాదు" అన్నవాళ్లున్నారు. నాకు కనపడింది వేరు: జీసీకి ఇచ్చే ధర మనం ఏం పారేశామన్నదాని మీద కాదు, ఏం పట్టుకు కూర్చున్నామన్నదాని మీద పడుతుంది. వాళ్లకి ఆ క్యాష్ నిజంగా అవసరం, లెక్క చూసుకుని మారారు. మనలో చాలామంది ఆ లెక్కే వెయ్యం.

"ర్యామ్ చౌక, ఇంజినీర్ సమయం ఖరీదు" అనే వాదన ఎలాగూ వస్తుంది. మొదటి సగానికి జవాబు: మాథ్యూ హెర్ట్జ్, ఎమెరీ బెర్గర్ 2005లో జావా ప్రోగ్రాముల మీద కొలిచి చూశారు. కనీస అవసరానికి ఐదు రెట్లు మెమరీ ఉంటే గార్బేజ్ కలెక్షన్, చేత్తో మెమరీ సర్దుకోవడంతో సమానంగా నడిచింది. మూడు రెట్లుంటే సగటున 17 శాతం, రెండు రెట్లే ఉంటే దాదాపు 70 శాతం నెమ్మదించింది. అంటే ఖాళీ చోటే కలెక్టర్‌కి తిండి. ర్యామ్ చౌక కదా అని అటక నింపేవాళ్లు దాని కంచంలోది లాక్కుంటున్నారు. జావా 15తో వాడకానికి సిద్ధమైన జడ్‌జీసీ లాంటి కొత్త కలెక్టర్లు ఆగే సమయాన్ని బాగా తగ్గించాయి, నిజమే. తాళ్లు తెంపడం వాటికీ రాదు. రెండో సగానికి జవాబు: ఎవరి సమయం? మా లెక్కలో నా అరగంట ఖరీదు, ఆ కుర్రాడి రాత్రులు చౌక. ఈ లెక్క తప్పని చెప్పడానికి కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు.

జీసీని పొదుపుగా వాడుకోవడమంటే ఫ్లాగులు బట్టీ పట్టడం కాదు. క్యాష్ రాస్తే అదే రోజు దాని హద్దు కూడా రాయడం. ఈవెంట్‌కి లిజనర్ని తగిలిస్తే విప్పే లైను ఎక్కడుందో చూపించడం. థ్రెడ్ పూల్‌లో థ్రెడ్‌లోకల్ వాడితే పని అయ్యాక తుడవడం. ఫైలూ కనెక్షనూ మూసే పని కలెక్టర్‌కి వదలకుండా మనమే మూసెయ్యడం. ఇవన్నీ చేశాక, కొలిచి చూశాక అప్పుడు ఫ్లాగుల జోలికి వెళ్లొచ్చు.

ఇంటర్వ్యూలో ఇప్పుడు నా ప్రశ్న మార్చాను. లీక్ అవుతుందా అని అడగను. వాళ్లు రాసిన కోడ్‌లోనే ఏదో ఒక మ్యాప్ మీద వేలు పెట్టి, "దీంట్లో పెట్టింది ఎప్పుడు పోతుంది? ఎవరు తీస్తారు?" అంటాను. కొందరు కాసేపు తెరకేసి చూసి, "అది రాయలేదు సార్" అంటారు. వాళ్లని తీసుకుంటాను.