చెక్కు ఇచ్చినవారు పాఠం దిద్దకూడదు

సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయం 2025లో మళ్లీ వార్తలకెక్కింది. పాకిస్థాన్‌పై సైనిక చర్య ‘ఆపరేషన్ సిందూర్’ మీద రాసిన ఫేస్‌బుక్ పోస్టులకు అక్కడి రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు అలీఖాన్ మహ్మూదాబాద్‌ను 2025 మే 18న హర్యానా పోలీసులు అరెస్టు చేశారు. మూడు రోజులకు సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. అవి ఆయన సొంత అభిప్రాయాలంటూ విశ్వవిద్యాలయం చేతులు దులుపుకుంది. ఇదేమిటని ఓ పూర్వ విద్యార్థి నిలదీస్తే, లిబరల్ ఆర్ట్స్ చదువుకూ ఉద్యమాలకూ విడదీయరాని బంధమేమీ లేదని జవాబొచ్చింది. ఆ జవాబు రాసింది వీసీ కాదు, ఏ ప్రొఫెసరూ కాదు. వ్యవస్థాపక దాతల్లో ఒకరైన సంజీవ్ బిఖ్‌చందానీ.

కథ అక్కడ మొదలు కాలేదు. 2021 మార్చిలో ప్రతాప్ భాను మెహతా అశోకాలో ప్రొఫెసర్ పదవి వదులుకున్నారు. తాను ఇక్కడ ఉండటం సంస్థకు రాజకీయంగా భారమని వ్యవస్థాపకులతో జరిగిన సమావేశంలో అర్థమైందని రాజీనామా లేఖలో రాశారు. రెండు రోజులకే కేంద్ర మాజీ ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ కూడా తప్పుకున్నారు. సంస్థాగత ప్రక్రియల్లో లోపాలు జరిగాయని విశ్వవిద్యాలయమే ఆ తర్వాత వారిద్దరితో కలిసి చేసిన ఉమ్మడి ప్రకటనలో ఒప్పుకుంది. ఒప్పుకోవడమైతే ఒప్పుకుంది, దిద్దుకున్నదేమీ లేదు.

ఎందుకంటే 2023లో అదే నాటకం మళ్లీ ఆడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హోరాహోరీగా సాగిన స్థానాల ఫలితాలను లెక్కగట్టి ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు సవ్యసాచి దాస్ ఓ పరిశోధనా పత్రం రాశారు. అధికార పక్షానికి నచ్చని అనుమానాలు అందులో ఉన్నాయి. అది ఇంకా ఏ జర్నల్‌లోనూ అచ్చు కాలేదంటూ విశ్వవిద్యాలయం దూరం జరిగింది. దాస్ రాజీనామా చేశారు, ఆయనకు బాసటగా సహాధ్యాపకుడు పులాప్రె బాలకృష్ణన్ కూడా వెళ్లిపోయారు. పత్రం మంచిచెడ్డలు విచారించడానికి గవర్నింగ్ బాడీ ఎవరని ఆర్థికశాస్త్ర విభాగం బహిరంగ లేఖలోనే అడిగింది. కొద్ది రోజులకే ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులు క్యాంపస్‌కొచ్చి ఆరా తీశారని పత్రికలు రాశాయి.

రాజకీయ భారమన్నారు సరే, ఎవరి నెత్తిన భారం? పాఠం చెప్పేవారికి కాదు, వినేవారికీ కాదు. దాతకు కంపెనీ ఉంటుంది. ఆ కంపెనీకి భూమి కావాలి, అనుమతులు కావాలి, పన్ను అధికారులు గడప తొక్కకుండా ఉండాలి. తరగతి గదిలో ఓ వాక్యం ఢిల్లీకి కోపం తెప్పిస్తే, ఆ కోపం ముందు చేరేది దాత ఆఫీసుకే. ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి ఒక్క ఉత్తరం ముక్క రాయనక్కర్లేదు. దాత భయపడితే చాలు, మిగతా పని ఆయనే చక్కబెడతాడు. అందుకే దాతలు మంచివారా, చెడ్డవారా అన్న చర్చ దండగ. ఎంత మంచివారైనా సరే, వారి భయం డిపార్ట్‌మెంట్ గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

ఈ జబ్బు పాతదే. 1900లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి అధ్యాపకుడు ఎడ్వర్డ్ రాస్‌ను పంపించేదాకా సహ వ్యవస్థాపకురాలు జేన్ స్టాన్‌ఫర్డ్ ఊరుకోలేదు. రైల్వేల్లో సంపాదించిన కుటుంబం ఆమెది, అతనేమో ప్రైవేటు గుత్తాధిపత్యాన్ని విమర్శించేవాడు. (ఆసియా వలస కూలీల మీద రాస్ కక్కిన విషాన్ని సమర్థించే పని లేదు. దానికి జవాబివ్వాల్సింది తోటి పండితులు, యజమానురాలు కాదు.) నిరసనగా కొలువు వదిలిన అధ్యాపకుల్లో ఆర్థర్ లవ్‌జాయ్ ఒకరు. 1915లో అమెరికా ప్రొఫెసర్ల సంఘాన్ని స్థాపించిన వారిలో ఆయనా ఉన్నారు. 1995లో యేల్ విశ్వవిద్యాలయం, అధ్యాపకుల ఎంపికలో తన ఆమోదం ఉండాలన్న లీ బాస్ అనే దాతకు 2 కోట్ల డాలర్లు తిరిగిచ్చేసింది. యేల్ మూతపడలేదు.

అలాగైతే ఎవరిస్తారు అంటారు కొందరు. గుడికి ధ్వజస్తంభం చేయించినవాడి పేరు దాని మీద చెక్కుతారు, ఏ మంత్రం చదవాలో అతణ్ని అడగరు. అయినా జనం ఇస్తూనే ఉన్నారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మాత్రం స్వేచ్ఛ ఏడ్చిందా అంటారు మరికొందరు. దానికి ఇంకో కరపత్రం వేద్దాం. ప్రస్తుతానికి ఒకటి గుర్తు చేస్తే చాలు: బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతను నిరసిస్తూ 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వీసీ పదవికి కట్టమంచి రామలింగారెడ్డి రాజీనామా చేశారు. అప్పట్లో పదవి వదిలింది పైనున్నవారు. ఇప్పుడు వదులుతున్నది కింది అధ్యాపకులు.

ఇదంతా హర్యానా గొడవ అనుకుంటే పొరపాటే. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాయి. రెండింటిలోనూ డబ్బు పెట్టే ప్రాయోజక సంస్థదే పెద్దపీట, ఛాన్సలర్‌ను నియమించేదీ అదే. రేపు అమరావతిలోనో హైదరాబాద్ శివార్లలోనో ఓ అధ్యాపకురాలు నీటి ప్రాజెక్టుల లెక్కలు తీస్తే ఆమె వెనుక నిలబడేదెవరు?

రెండు శాసనసభలూ ఈ చట్టాలను సవరించాలి. నియామకాలు, పదోన్నతులు, తొలగింపులు, పరిశోధన మంచిచెడ్డలు అధ్యాపకుల మండలి చేతిలోనే ఉండాలి, ప్రాయోజక సంస్థ మనిషి ఆ గదిలో కూర్చోకూడదు. ప్రతి విరాళం ఒప్పందాన్నీ షరతులతో సహా బయటపెట్టాలి. ఒకసారి ఇచ్చిన సొమ్ము, దాత అలిగితే వెనక్కి పోయే వాయిదాల్లో కాకుండా శాశ్వత నిధిలో చేరాలి. రాసిన దానికో, మాట్లాడిన దానికో కేసు పడిన అధ్యాపకుల న్యాయ ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి. అధ్యాపక సంఘాలు, విద్యార్థులు, ఫీజు కడుతున్న తల్లిదండ్రులు ఈ నాలుగు కోర్కెలతో తమ ఎమ్మెల్యేలను వచ్చే అసెంబ్లీ సమావేశాలకు ముందే కలవాలి.