సర్వేలో ముందున్న నాయకుడు కల్లం దగ్గరికి రాడు

ఎన్నికలకు ఇంకా ఏడాది, ఏడాదిన్నర ఉండగానే సర్వేలు మొదలవుతాయి. పదవిలో ఉన్నవారు మళ్లీ వస్తారా, రారా అని టీవీల్లో లెక్కలు చెబుతారు. సాయంత్రానికి ఆ లెక్కలు ఊరి రచ్చబండ మీదికి వస్తాయి. మన సంఘం సమావేశాల్లో కూడా ఈ మధ్య ఈ మాటలు వినపడుతున్నాయి. "ఎలాగూ వాళ్లే గెలుస్తారంట, ఇప్పుడు ధర్నా చేసి ఏం లాభం?" అని కొందరు. "ఎలాగూ ఓడిపోతారంట, కొత్తవాళ్లు వచ్చాక అడుగుదాం" అని ఇంకొందరు. మాటలు వేరైనా రెండింటి సారాంశం ఒకటే. రైతు ఇప్పుడు నోరు మూసుకుని కూర్చోవాలన్నదే అది.

ముందస్తు సర్వేలకు ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకోవాలంటే అమెరికా అధ్యక్ష ఎన్నికల చరిత్ర చూడాలి. అక్కడ 1930ల నుంచి ఈ సర్వేలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. పదవిలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ పోటీ చేసినప్పుడు సర్వే ఏం చెప్పిందో, ఫలితం ఏమైందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. వాటిలో మూడు ఎన్నికలు రైతులతో నేరుగా ముడిపడినవి.

1948: నిల్వకు చోటు లేని మొక్కజొన్న

1948లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్. మిస్సోరీ రాష్ట్రంలో సొంత కుటుంబ పొలంలో దాదాపు పదేళ్లు వ్యవసాయం చేసిన మనిషి. ఆ ఏడాది వసంతకాలంలో ఆయన పనితీరును మెచ్చినవారు నూటికి 40 మంది కూడా లేరు. సొంత డెమోక్రటిక్ పార్టీలోనే కొందరు ఆయన్ని తప్పించి జనరల్ ఐసెన్‌హోవర్‌ని నిలబెట్టాలని చూశారు. రిపబ్లికన్ అభ్యర్థి థామస్ డ్యూయీ గెలుపు ఖాయమని అందరూ అనుకున్నారు. ప్రముఖ సర్వే నిపుణుడు ఎల్మో రోపర్ అయితే, ఫలితం తేలిపోయింది కాబట్టి ఇక వరుసగా సర్వే లెక్కలు ప్రకటించే పని లేదని సెప్టెంబరు 9నే చెప్పేశారు. పోలింగు నవంబరు 2న.

ఈలోగా పొలాల్లో జరిగింది వేరు. అక్కడ మద్దతు ధర పథకం ఇలా ఉండేది: ధర పడిపోయినప్పుడు రైతు తన పంటను సరైన గాదెలో నిల్వ చేసి, దాని మీద మద్దతు ధర లెక్కన ప్రభుత్వం నుంచి అప్పు తీసుకోవచ్చు. ధర పెరిగితే పంట అమ్మి అప్పు తీర్చేస్తాడు. పెరగకపోతే పంటను ప్రభుత్వానికే వదిలేస్తాడు. అయితే నిల్వకు చోటుంటేనే అప్పు, అప్పు దొరికితేనే మద్దతు ధర. ఈ పథకాన్ని నడిపే కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ చట్టాన్ని ఆ జూన్‌లో అమెరికా పార్లమెంటు మార్చింది. కార్పొరేషన్ కొత్తగా గాదెలు సమకూర్చుకోకుండా కట్టడి చేసింది. పార్లమెంటులో అప్పుడు రిపబ్లికన్లది ఆధిక్యం. సంతకం పెట్టింది మాత్రం ట్రూమనే. దాని దెబ్బ ఎంతో అప్పటికి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

శరదృతువు వచ్చేసరికి మొక్కజొన్న రికార్డు స్థాయిలో పండింది. నిల్వకు చోటు లేదు. ఏడాది మొదట్లో బుషెల్‌కు, అంటే దాదాపు 25 కిలోలకు, రెండు డాలర్లకు పైగా పలికిన ధర పంట చేతికొచ్చే నెలల్లో సగానికి జారింది. మద్దతు ధర కాగితం మీద ఉంది, రైతు చేతికి మాత్రం రాలేదు.

సర్వేల్లో వెనకబడ్డ ట్రూమన్ రైలెక్కి దేశమంతా తిరిగారు. సెప్టెంబరు 18న అయోవా రాష్ట్రంలోని డెక్స్‌టర్‌లో జాతీయ దుక్కి పోటీలు జరుగుతుంటే, అక్కడికి వచ్చిన వేలాది రైతుల ముందు నిల్వ గాదెల సంగతి ఎత్తారు. ఈ పార్లమెంటు రైతు వీపులో గడ్డి పంగల కర్ర గుచ్చిందని మండిపడ్డారు. సర్వేల్లో ముందున్న డ్యూయీ అలాంటి పనేమీ చేయలేదు. గెలిచే మనిషి ఎవరినీ నొప్పించకూడదన్న లెక్కతో ఐక్యత, సమర్థత అంటూ సాధారణ మాటలతో సరిపెట్టారు.

గాలప్ చివరి సర్వే డ్యూయీకి 49.5 శాతం, ట్రూమన్‌కి 44.5 శాతం ఇచ్చింది. ఓట్లు లెక్కపెడితే ట్రూమన్‌కి దాదాపు 50 శాతం, డ్యూయీకి 45 శాతం వచ్చాయి. 1944లో డ్యూయీ వైపు నిలిచిన అయోవా, ఒహాయో, విస్కాన్సిన్ రాష్ట్రాలు ఈసారి ట్రూమన్‌కి వచ్చాయి. నగరాల్లోని కార్మికులు, నల్లజాతి ఓటర్లు కూడా ఈ గెలుపులో భాగస్వాములే. అయినా చివరి పది రోజుల్లో రైతుల ఓటు తిరిగిపోయిందని డ్యూయీ స్వయంగా తర్వాత రాసుకున్నారు. ఆ పది రోజుల ముచ్చట ఏ సర్వేకీ అందలేదు.

1980: ముందున్నవాడు ఓడాడు

జిమ్మీ కార్టర్ జార్జియాలో వేరుశనగ రైతు. ఆయన హయాంలోనే, 1979 ఫిబ్రవరిలో, గిట్టుబాటు ధర కోసం అమెరికా రైతులు వేల ట్రాక్టర్లతో వాషింగ్టన్ నగరంలోకి వచ్చారు. అదే ఏడాది చివర్లో ఇరాన్‌లో అమెరికా దౌత్య కార్యాలయం సిబ్బంది బందీలయ్యారు. ఆ వేడిలో జనం అధ్యక్షుడి వెనక నిలబడ్డారు. 1980 మొదట్లో సర్వేల్లో కార్టర్ రీగన్ కంటే చాలా ముందున్నారు.

సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగినందుకు జవాబుగా, 1980 జనవరి 4న కార్టర్ ఆ దేశానికి వెళ్లాల్సిన కోటి 70 లక్షల టన్నుల ధాన్యం ఎగుమతిని ఆపేశారు. అంతలోనే జనవరి 21న అయోవాలో సొంత పార్టీ అభ్యర్థిత్వం కోసం జరిగిన పోటీలో ఎడ్వర్డ్ కెనడీ మీద ఘనంగా గెలిచారు. అది చూసినవాళ్లు రైతులు నిషేధాన్ని ఒప్పుకున్నారనే అనుకుని ఉంటారు. పది నెలల తర్వాత అదే అయోవా రీగన్‌కి ఓటేసింది. దేశం మొత్తం మీద 50 రాష్ట్రాల్లో 44 కార్టర్ చేజారాయి. నిషేధం ఒక్కటే కారణం కాదు. ధరల పెరుగుదల, వడ్డీల భారం, బందీలు విడుదల కాకపోవడం, అన్నీ కలిశాయి. అయితే జనవరి సర్వే వీటిలో దేన్నీ ముందుగా చూపించలేదు.

2020: పరిహారం వచ్చింది, పదవి పోయింది

2018 జులైలో వాణిజ్య యుద్ధం మొదలై, చైనా అమెరికా సోయాబీన్ మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. ధర పడిపోయింది. డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం ఆ ఏడాది 1,200 కోట్ల డాలర్ల దాకా, 2019లో మరో 1,600 కోట్ల డాలర్ల దాకా రైతులకు సాయం ప్రకటించింది. 2020లో అయోవా 8 శాతం తేడాతో ట్రంప్‌నే గెలిపించింది. అయినా దేశంలో ఆయన ఓడిపోయారు. మళ్లీ ఎన్నిక కావాలనుకునే అధ్యక్షుడు రైతు నష్టాన్ని ఎంత త్వరగా లెక్కగడతాడో ఇక్కడ తెలుస్తుంది. రైతు మార్కెట్టు పోగొట్టుకుని ప్రభుత్వ చెక్కు కోసం ఎదురుచూడాల్సి రావడం ఈ కథలో రెండో సగం.

సర్వే ఎవరిని అడిగింది, ఎప్పుడు అడిగింది

ఈ మూడే కాదు. 1983 జనవరిలో రీగన్ పనితీరును మెచ్చినవారు 35 శాతమే. మరుసటి ఏడాది ఆయన 49 రాష్ట్రాలు గెలిచారు. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు పెద్ద బుష్‌కి 89 శాతం ఆమోదం ఉంది. 1992 నవంబరులో ఆయనకు వచ్చిన ఓట్లు 38 శాతం లోపే.

కారణం అంతు చిక్కనిది కాదు. "ఈ రోజు ఎన్నిక జరిగితే" అని సర్వే అడుగుతుంది, కానీ ఎన్నిక ఈ రోజు జరగదు. నారు దశలో చేను చూసి దిగుబడి లెక్క కట్టినట్టే ఇది. మధ్యలో వాన, తెగులు, గాలి ఎన్నో ఉన్నాయి. రెండోది, ఎవరిని అడిగారన్నది. 1936లో 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతారని ప్రకటించింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. కార్డుల కోసం వాడిన జాబితాలు చాలావరకు టెలిఫోన్, కార్ల యజమానులవి. మాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవాళ్లెవరో చెప్పనక్కర్లేదు. మనం కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. కౌలు రైతు గుడిసె ముందు ఆగి ప్రశ్నలడిగిన సర్వే మనిషిని మనలో ఎంతమంది చూశాం?

అలాగని సర్వేలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడం కూడా సరికాదు. జో బైడెన్ వయసు మీద పడిందన్న ఆందోళన 2023 సర్వేల్లోనే బలంగా కనిపించింది. చివరికి 2024 జులైలో ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. పోలింగు దగ్గరపడే కొద్దీ సర్వేల లెక్క మెరుగవుతుంది కూడా. ముందస్తు సర్వే జనం మనసులో ఇప్పుడున్న అసంతృప్తిని చెప్పగలదు. ఏడాది తర్వాతి తీర్పును మాత్రం చెప్పలేదు.

మనకెందుకు ఈ సంగతి

అమెరికా అధ్యక్షుడి లెక్కలు మన చేల దాకా వస్తాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్టు అమెరికాయే కాబట్టి కోస్తా రొయ్యల రైతు గుండెల్లో రాయి పడింది. అదే నెలలో మన కేంద్ర ప్రభుత్వం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. సరిగ్గా తెలంగాణ, ఆంధ్ర పత్తి మార్కెట్టుకు వచ్చే నెలలవి. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. తడిసిన పత్తి తెచ్చిన రైతుకు ఆ 8,110 కాగితం మీది అంకే. 1948లో గాదె లేని అయోవా రైతు పరిస్థితి ఏమిటో మన పత్తి రైతుకు వేరే చెప్పాల్సిన పని లేదు.

సర్వేలు తప్పిన అనుభవం మనకూ ఉంది. 2004లో దేశం వెలిగిపోతోందన్న ప్రచారం జరిగింది. కేంద్రంలో పాత ప్రభుత్వమే వస్తుందని సర్వేలు చెప్పాయి. కరువుతో, అప్పులతో, ఆత్మహత్యలతో నలిగిన పల్లె వేరే తీర్పు ఇచ్చింది.

అందుకే నా అభిప్రాయం ఇది. ముందస్తు సర్వే ఎవరు గెలుస్తారో చెప్పకపోయినా, నాయకుడు ఎలా నడుచుకుంటాడో చెబుతుంది. సర్వేలో ముందున్న డ్యూయీ గాదెల ఊసు బలంగా ఎత్తలేదు. వెనకబడ్డ ట్రూమన్, తాను సంతకం పెట్టిన చట్టం గురించే అయినా, దుక్కి పోటీల దగ్గరికి వచ్చి మాట్లాడారు. ఆయన ఒక్కసారిగా రైతు పక్షపాతి అయిపోయాడని కాదు, ఓటు అవసరమైంది. పాలకుడికి మన ఓటు అవసరమయ్యే రోజులు కొన్నే ఉంటాయి. ఆ రోజుల్ని సర్వేలు చూస్తూ, గెలుపోటముల మీద పందేలు కాస్తూ పోగొట్టుకోవద్దు.

సంఘం శాఖలకు నా సూచన ఒకటే. మన సర్వే మనమే చేసుకుందాం. ఈ సీజన్‌లో ఊళ్లో ఎన్ని క్వింటాళ్లు మద్దతు ధర కంటే తక్కువకు అమ్మారు, ఎంత ధరకు అమ్మారు, కొనుగోలు కేంద్రంలో ఎన్ని రోజులు పడిగాపులు పడ్డారు, తేమ పేరు చెప్పి ఎంత కోత పెట్టారు, కౌలు రైతుల్లో ఎంతమందికి గుర్తింపు కార్డు లేదు. ఈ ఐదు ప్రశ్నలూ ఇంటింటికీ తిరిగి అడిగి, జవాబులు రాసి, రైతుల సంతకాలతో జిల్లా కమిటీకి పంపండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి ముందూ, సర్వేలో ముందున్నవాడైనా వెనకున్నవాడైనా, ఆ కాగితం పెడదాం. దానికి వాళ్లు ఇచ్చే జవాబును బట్టి మన నిర్ణయం తీసుకుందాం.