పని లేనివాడి పంచాంగం



పెళ్ళి కుదిరినా, ఇల్లు కొన్నా, పిల్లవాడికి వాటర్లూలో సీటు వచ్చినా మనవాళ్ళు ఫోను చేసి మరీ చెబుతారు. ఉద్యోగం పోతే మాత్రం గుట్టుగా ఉంచుతారు. గుట్టు మంచిదే. కాని ఈ దేశంలో నిరుద్యోగులకు ప్రభుత్వం పెట్టిన పథకాలన్నీ పంచాంగం లాంటివి. ముహూర్తం దాటితే తలుపు మూసుకుంటుంది. అందుచేత ఈ నెల ఆ పంచాంగాన్ని కొంచెం విప్పి చూద్దాం.

ముందుగా ఒక మాట. ఈ పథకాలు “నీకు ఎంత కష్టంగా ఉంది?” అని మొదట అడగవు. “ఎన్ని వారాలు? ఎన్ని గంటలు? ఏ తేదీ?” అని అడుగుతాయి.

కెనడాలో నిరుద్యోగ బీమా చట్టం 1940లో వచ్చింది. పనిలో ఉన్నప్పుడు ప్రీమియం కట్టాలి, పని పోతే భృతి పుచ్చుకోవాలి. ఇదీ దాని సూత్రం. చాలాకాలంగా పని లేనివారి సంగతి వేరు. 1985లో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ మంత్రిగా ఉండగా కెనడియన్ జాబ్స్ స్ట్రాటజీ ప్రారంభమైంది. అందులో అలాంటివారి కోసం పెట్టిన విభాగానికి అర్హత ఏమిటంటే, గత 30 వారాలలో 24 వారాలు పని లేకుండా ఉండాలి. అంటే మధ్యలో ఆరు వారాలు ఏ గిడ్డంగిలోనో పెట్టెలు మోసినా ఫరవాలేదు. ఏడో వారం కూడా మోస్తే లెక్క తప్పేది! ఎక్కడో ఒక గీత గీయక తప్పదు, నిజమే. కాని అద్దె కట్టడానికి చేతికందిన పని చేసినవాడు ఆ గీత బయట నిలబడవలసి రావడం విచిత్రం.

1996 చట్టంతో ఆ బీమా ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అయింది. వారాల లెక్క పోయి గంటల లెక్క వచ్చింది. ప్రాంతంలోని నిరుద్యోగాన్ని బట్టి 420 నుంచి 700 గంటలు పని చేసి ఉంటే చాలు. కొత్తగా పనిలోకి వచ్చినవారికి మాత్రం 910 గంటలు కావాలన్నారు. పెట్టెలతో విమానం దిగిన మనబోటివాళ్ళు ఆ లెక్కలోనే పడేవారు. ఆ 910 గంటల నిబంధనను 2016 జులైలో తీసేశారు.

బీమా డబ్బుతో నడిచే శిక్షణ, పని అనుభవ పథకాలకు ఇంకో గీత ఉంది. ఇప్పుడు భృతి పొందుతూ ఉండాలి, లేదా గత 60 నెలలలో పొంది ఉండాలి. అదీ లేకపోతే గత పదేళ్ళలో కనీసం అయిదేళ్ళు, నిర్ణీత మొత్తానికి మించిన జీతం మీద ప్రీమియం కట్టి ఉండాలి. ఎంత ఎక్కువకాలం ఖాళీగా ఉంటే అంతగా ఈ గీతకు దూరమవుతామన్నమాట.

ఆంటారియో ప్రభుత్వం 2008లో సెకండ్ కెరీర్ అనే పథకం పెట్టింది. 2005 జనవరి 1 తరువాత లే ఆఫ్ అయినవారు కొత్త వృత్తి చదువుకోవడానికి సాయం అది. తరువాత దాని పేరు బెటర్ జాబ్స్ ఆంటారియో అయింది. ఇందులో మెచ్చుకోదగ్గ సంగతి ఒకటుంది. లే ఆఫ్ తరువాత ఇల్లు గడవడానికి తాత్కాలికంగా ఏదో ఒక పని చేస్తున్నవారు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఇంటి మొత్తం ఆదాయం చూస్తారు. భార్యాభర్తలిద్దరిలో ఒకరి జీతం బాగుంటే సాయం తగ్గుతుంది.

ఇదే సమస్యను మన దేశంలో ఇంకో దారిలో చూశారు. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టం ఎన్ని వారాలు ఖాళీగా ఉన్నావని అడగలేదు. పల్లెలో ఉండే పెద్దవాళ్ళెవరైనా మట్టిపని చేస్తామంటే కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలంది. అడిగిన 15 రోజులలో చూపించకపోతే భృతి ఇవ్వాలంది. ఎండలో పార పట్టడానికి సిద్ధపడటమే అక్కడ అర్హత. ఇక్కడ కాగితమే అర్హత. కాబట్టి కాగితం సంగతి మనం జాగ్రత్తగా చూసుకోవాలి.

మాకు తెలిసిన ఒకాయన ఉద్యోగం పోయాక మూడు నెలలపాటు రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, లైబ్రరీలో కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చేవారు. భార్యకు కూడా చెప్పలేదు. చివరి పనిదినం తరువాత నాలుగు వారాలు దాటితే భృతి కొంత పోయే ప్రమాదం ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపించాలి. సిగ్గుపడ్డాం అనే కారణానికి గడి ఉన్న ఫారం మేము ఇంతవరకు చూడలేదు.

అందుకని మా సలహాలు ఇవి. కంపెనీ వాళ్ళు తీసేస్తున్నప్పుడు మర్యాదగా ఉంటుందని మీరే రాజీనామా రాసి ఇవ్వకండి. తగిన కారణం లేకుండా తమంతట తాము మానేసినవారికి భృతి రాదు. రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ కాగితం చేతికి రాకపోయినా వెంటనే దరఖాస్తు పెట్టండి. మార్కమ్‌లో సొంత కంపెనీ పేరుతో కాంట్రాక్టు పని చేసే కంప్యూటర్ మిత్రులు ఒకటి గమనించాలి. కంపెనీ ఓటింగ్ షేర్లలో 40 శాతం కంటే ఎక్కువ మీ చేతిలో ఉంటే, ఆ పనికి ఈ బీమా లేదు. అలాంటివారు మంచిరోజుల్లోనే కొంత వెనకేసుకోవాలి. ఇంటిపట్టున ఉండే అక్కయ్యలు, వదినెలు ఎక్కడైనా కొద్ది గంటలు పని చేసినా పే స్లిప్పులు దాచుకోండి, పన్ను లెక్కలు దాఖలు చేయండి. రేపు ఏ గీత దగ్గర ఏ కాగితం అక్కరకొస్తుందో చెప్పలేం.

ఈ భృతి ఎవరి దయాధర్మమూ కాదు. మన జీతంలోంచి ప్రతిసారీ కోసుకున్న సొమ్మే. పండగలకు వంద ఇళ్ళ వంట కలిసి చేసుకునే మనం, ఒక ఇంట్లో పొయ్యి మందగించినప్పుడు “దరఖాస్తు పెట్టారా, అన్నయ్యా?” అని ఒక్క మాట అడగలేమా? అడుగుదాం. నాలుగు వారాల లోపలే అడుగుదాం.