పాత కట్టడాల చదువు పేదల ఇళ్లకు పనికిరాదా?

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇక్కడ యూకేలో చదువు, ట్రైనింగ్ కలిపి మామూలుగా ఏడేళ్లు పడుతుందని తెలిసే ఒప్పుకున్నాం. పాత కట్టడాల పరిరక్షణలో పీజీ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెబుతానన్నప్పుడు మాత్రం నేను ఊరుకోలేకపోయాను. "సమాధులు, కోటలు బాగుచేస్తే ఎవరికి లాభం తల్లీ? ముందు ఇళ్లు లేనివాళ్ల సంగతి చూడాలి కదా" అన్నాను. తను ఒకే పేరు చెప్పింది: యాస్మీన్ లారీ. ఆమె గురించి చదివాక నా ప్రశ్నే తప్పని తెలిసింది.

లారీ పాకిస్తాన్ తొలి మహిళా ఆర్కిటెక్ట్‌గా పేరు పొందారు. 1960లలో ఆక్స్‌ఫర్డ్‌లో చదువు పూర్తిచేసి కరాచీలో ప్రాక్టీస్ పెట్టారు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కట్టారు. మరోపక్క 1980లో, చరిత్రకారుడైన భర్తతో కలిసి హెరిటేజ్ ఫౌండేషన్ ఆఫ్ పాకిస్తాన్ స్థాపించి పాత కట్టడాల మీద పని మొదలుపెట్టారు. 2000లో ప్రాక్టీస్ నుంచి రిటైరయ్యారు. 2005లో భారీ భూకంపం వచ్చింది. కూలిన ఇళ్ల రాయి, మట్టి, కలపకు సున్నం తోడుచేసి, అక్కడి జనంతోనే మళ్లీ ఇళ్లు కట్టించారు. 2010 వరదల తర్వాత సింధ్‌లో వెదురు చట్రాలు, మట్టి, సున్నంతో వేల ఇళ్లు లేచాయి. 2022లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆమెను విజిటింగ్ ప్రొఫెసర్‌గా పిలిచింది. 2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఆర్‌ఐబీఏ, 1848 నుంచి ఇస్తున్న రాయల్ గోల్డ్ మెడల్‌ను ఆమెకు ఇచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది సున్నం. సింధ్‌లోని మక్లీ సమాధులు యునెస్కో జాబితాలో ఉన్నాయి. అలాంటి కట్టడాలను బాగుచేయాలంటే సున్నం గుణం తెలియాలి. మట్టిలో తగుపాళ్లలో సున్నం కలిపితే నీటికి త్వరగా కరగదు. పాత కట్టడాల దగ్గర పనికొచ్చిన ఆ తెలివే వరద బాధితుల గోడకూ పనికొచ్చింది. సిమెంటుకు బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడి కావాలి. సున్నానికి 900 డిగ్రీల చుట్టుపక్కల చాలు. పైగా సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి పీల్చుకుంటుంది. ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో సుమారు 8 శాతం సిమెంటు వల్లే అంటున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గర ఈ తెలివి లేదా? ఉంది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ 2013 నుంచి 2024 దాకా పనిచేసింది. గతంలో పూసిన సిమెంటును చెక్కేసి మళ్లీ సున్నం పూతే వేశారు. అంటే డంగు సున్నం పని తెలిసిన చేతులు మనకు ఇంకా ఉన్నాయి. తుపానులు కొట్టే ఉత్తరాంధ్ర తీరంలో గాలిని చీల్చే గుండ్రటి చుట్టిళ్లు తరతరాలుగా ఉన్నాయి.

ఇప్పుడు తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తున్నారు. ఇల్లు రావడం సంతోషమే. కానీ సర్కారు ఇళ్లంటే మనకు సిమెంటు, స్టీలు లెక్కే తప్ప పాత మేస్త్రీల పనితనం గుర్తుకు రాదు. చదువుల్లోనూ అంతే. ఢిల్లీ ఎస్పీఏలో కట్టడాల పరిరక్షణ ఒక పీజీ కోర్సు, విజయవాడ ఎస్పీఏలో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్ మరో పీజీ కోర్సు. ఈ రెండూ ఒకే విద్య అని లారీ చేసి చూపించారు. రెండింటినీ కలిపి బోధించే ప్రొఫెసర్లే మనకు ఇప్పుడు కావాలి.

అలాగని అందరినీ మట్టి ఇళ్లలోకి వెళ్లమనడం న్యాయం కాదు. పూరింటి భయం ఏమిటో అందులో పెరిగినవాళ్లకే తెలుసు: నిప్పు, పాము, ప్రతి ఏడూ కప్పు మార్చే ఖర్చు. స్లాబు ఇల్లు వాళ్లకు గౌరవం కూడా. సున్నం పని నిదానం, మేస్త్రీలు తక్కువ, నాణ్యత చూసేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇది ఒక్కొక్క కుటుంబం మీద వదిలేసే భారం కాదు. కాలేజీలు పరీక్షించి, ఇంజినీర్లు ఒప్పుకుని, ప్రభుత్వం లెక్కలో చేర్చాల్సిన పని.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. ఊళ్లో గుడి బాగుచేయిస్తామని ఇక్కడ చందాలు పోగుచేస్తాం. ఆ డబ్బుతో పాత సున్నపు గోడకు సిమెంటు, దానిపైన ఎనామిల్ రంగు. గోడలో చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండి, ఉప్పు పేరి, కొన్నేళ్లకు పెచ్చులూడతాయి. మళ్లీ చందా. మా ఊరి గుడికి నేనూ అలాగే పంపాను. ఈసారి పంపేముందు పరిరక్షణ చదివిన ఆర్కిటెక్టుతో ఒకసారి చూపించమని షరతు పెట్టాను. ఊరివాళ్లు కొంచెం విసుక్కున్నారు, చివరికి సరే అన్నారు.

అమ్మాయికి కూడా సరే అన్నాను. ఒక్కటే అడిగాను: సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు ఒక నెల సున్నం మేస్త్రీ దగ్గర పని నేర్చుకోమని.