నాలుగవ అనువాకంలో తడబాటు

నలభై ఏళ్లకు పైగా శివాలయంలో అర్చకత్వం చేస్తున్నవాడికి తనపై తనకు సందేహం కలగడమేమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. నాకు కలిగింది. కలిగిన విధం దాచుకోకుండా మనవి చేస్తాను.

ఒక కార్తిక సోమవారం నాడు ఏకాదశ రుద్రాభిషేకం జరుగుతున్నది. మీరెరిగినదే, నమకం పదకొండు పర్యాయాలు పఠిస్తూ ప్రతి పర్యాయం చివర చమకంలోని ఒక్కొక్క అనువాకం చెబుతాము. నాలుగవ ఆవృత్తి ముగిసింది. చమకం నాలుగవ అనువాకం అందుకున్నాను. ధాన్యాల పేర్లు వరుసగా వచ్చేచోట, నువ్వుల తరువాత ఏమి రావలెనో నాకు స్ఫురించలేదు. ఎనిమిదవ ఏట సంత చెప్పుకున్న మంత్రమది! ప్రక్కన కూర్చున్న శిష్యుడు, పదునాలుగేళ్లవాడు, మెల్లగా అందించాడు. ధార ఆగలేదు. భక్తులెవరూ గమనించలేదు. లింగరూపంలో ఉన్నవాడు మాత్రం గమనించే ఉంటాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్వరం తప్పినందువల్ల త్వష్ట హోమం తలక్రిందులై, ఇంద్రుని సంహరించవలసిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడైన కథ వేదాధ్యయనం మొదలుపెట్టిన ప్రతి పిల్లవాడూ వింటాడు. స్వరదోషానికే అంత ఫలమైతే, పదమే జారవిడిచిన నా గతి ఏమి? వయసు మీరితే మరపు సహజమని సరిపెట్టుకోవచ్చును. కాని నన్ను బాధించినది మరపు కాదు. ఇన్నేళ్లు నా నోట వెలువడినది వేదమా, లేక కేవలం అలవాటా అన్న ప్రశ్న. ఆలయం వారికి విన్నవించుకొని తప్పుకొనడమే ధర్మమని తెల్లవారేసరికి నిశ్చయానికి వచ్చాను.

ఉదయపు అర్చన ముగించి ఇంటికి రాగానే నా ధర్మపత్ని ఆకు వేసి పెసరట్టు వడ్డించింది, అల్లం పచ్చడితో. ముందునాడు ఉపవాసం కనుక ఆకలి మీద ఉన్నాను. రెండవ ముద్ద నోట పెట్టుకున్నాక గాని తట్టలేదు. నేను మరచిన పదం పెసలు! నువ్వుల తరువాత పెసలు. నవ్వాపుకోలేకపోయాను. నలభై ఏళ్లుగా ఈశ్వరుని పెసలిమ్మని అడుగుతున్నాను. ఆయన ఇస్తూనే ఉన్నాడు. తింటూనే ఉన్నాను. అడిగిన సంగతీ, అందిన సంగతీ రెండూ నేనే ఎరుగను.

ఆ పూట చమకాన్ని అర్థంతో చదువుకున్నాను. ఎంత చిన్న కోరికలు! మూడవ అనువాకంలో సుఖం, పడుకొనడానికి శయ్య, మంచి ఉషస్సు, మంచి పగలు. నాలుగవ దానిలో పాలు, నేయి, తేనె. నలుగురితో కలిసి భుజించడం, కలిసి త్రాగడం. అయిదవ దానిలో రాయి, మన్ను, ఇసుక, చెట్లు కూడా! అడగడానికి వేదం సిగ్గుపడలేదు. చిన్న సుఖాలన్నీ బంధహేతువులేనని వేదికలెక్కి గృహస్థులను బెదిరించే ప్రవచనాలు నాకు రుచించవు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు అన్నంతో మొదలుపెట్టి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందాన్ని చేరుకుంటాడు. చేరిన వెంటనే ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందింపరాదు, విస్తారంగా పండించవలెను, ఇంటికి వచ్చినవానిని కాదనరాదు అని విధిస్తుంది. దోషం రుచిలో ఉన్నదనలేదు. కామం చేత దెబ్బతిననివానికే ఆనందం పూర్ణమని ఆనందవల్లి చెబుతున్నది.

ఇక సందేహం మాట. సంశయాత్ముడు నశిస్తాడన్న గీతావాక్యాన్ని పిల్లలపై ప్రయోగించే పెద్దలను చూస్తుంటాను. అది శ్రద్ధ లేనివానిని గూర్చిన మాట. తన శక్తిని తాను శంకించుకొనడం వేరు. అదే గీతలో మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. చేతులు వణికినవాని దుఃఖానికి కూడా యోగమన్న పేరే పెట్టారు. లంకంతా గాలించి సీతమ్మ కానరాక, ఇక కిష్కింధకు తిరిగి వెళ్లనే వెళ్లనని కుంగినవాడు సాక్షాత్తు హనుమంతుడు! తాను ఇంకా వెదకని అశోకవనం ఆ తరువాతనే ఆయన కంట పడింది.

పరీక్షలో తప్పిన కుమారుని, ఉద్యోగం దొరకక మాటలు తగ్గించిన కుమార్తెను తోడ్కొని వచ్చి పరిహారం చెప్పమని అడిగే తల్లిదండ్రులు నా వద్దకు తరచు వస్తుంటారు. గోత్రనామాలతో అర్చన చేస్తాను. పిమ్మట, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుండి భోజనం చేసి ఎన్నాళ్లయిందని అడుగుతాను. చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

నేను అర్చకత్వం మానలేదు. ఇప్పుడు తెల్లవారుజామున శిష్యుని ఎదుట కూర్చుండి నాలుగవ అనువాకం మళ్లీ సంత చెప్పుకుంటున్నాను. మొదట వాడు, "నేను మీకు చెప్పడమేమిటి గురువుగారూ" అని మొహమాటపడ్డాడు. ఇప్పుడు స్వరం కూడా దిద్దుతున్నాడు.