మన అర్జీ మన చేతనే నింపుదాం!

దస్తరం ఎవరి చంకలో ఉంటే ఊరు వాళ్ల చెప్పుచేతల్లో ఉంటది. ఇది మన తాతలు అనుభవించి తెలుసుకున్న సంగతి. పట్వారీ దస్తరంలో ఏం రాసిండో మనకు తెల్వకపోయేది. మన పేరు ఉందా, కొట్టేసిండా, ఎకరం రాసిండా, గుంట రాసిండా చూసుకునే దిక్కు లేకపోయేది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. దస్తరం మాత్రం రద్దు కాలేదు. అది కంప్యూటర్లోకి పోయింది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, భూభారతి వచ్చింది. పిల్లల స్కాలర్‌షిప్ ఈపాస్‌లో, డిగ్రీ సీటు దోస్త్‌లో, కులం సర్టిఫికెట్ మీసేవలో. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరు కూడా ఫోన్ యాప్‌లో ఎక్కితేనే లెక్క అన్నరు.

దస్తరం చోటు మారింది. మరి దాన్ని విప్పే చెయ్యి మారిందా? ఈ సంచికలో మేము అడుగుతున్న ప్రశ్న ఇదే.

మరిపెడ చుట్టుపక్కల వాడల్లో, తండాల్లో ఏ పని పడ్డా మనం చేసేది ఒక్కటే. పత్తి ఏరుడో, మిరప కోతో ఆపుకొని, కూలి పోగొట్టుకొని, ఆటో ఎక్కి సెంటర్‌కు పోతం. ఆధార్ కార్డు ఇస్తం, పాసుపుస్తకం ఇస్తం. ఫోనుకు ఓటీపీ వస్తే అది కూడా చదివి చెప్తం. ఆయన టకటక కొడుతడు, కాగితం ఇస్తడు, పైసలు తీసుకుంటడు. ఏం నింపిండో మనం చూడం. పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే మళ్లీ నెల రోజులు తిరుగుడే. ఎప్‌సెట్ రాసిన బిడ్డకు వెబ్ ఆప్షన్లు పెట్టాల్సి వస్తే అదీ పరాయి చేతిలోనే. ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ వెనుక అన్న వరుసను బట్టే సీటు వస్తది. ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటే ఆ సీటు వాళ్ల చేతిలో ఉన్నట్టే. సెంటర్ నడిపేటోళ్లందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. వాళ్లదీ బతుకుదెరువే. కానీ మన బతుకు కాగితం మనకు కనబడకుండా ఇంకొకరు నింపే పద్ధతి ఎన్నాళ్లు?

దీనికి మందు మన జేబులోనే ఉన్నది. దాన్ని వాడుకునే తెలివి మనం తెచ్చుకోవాలె.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఈ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అప్పుడు ఇంటర్నెట్ కావాలంటే ముందు ఇంట్లో టెలిఫోన్ తీగ ఉండాలె. తీగ ఎవరి ఇంటికి ఉండె? వాడకు కరెంటు స్తంభం రావడానికే ఏండ్లు పట్టిన కాలం అది. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చినయి. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, *99# అని కొట్టి, నత్త నడకన నెట్ తెచ్చుకున్న రోజులున్నయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక నెట్ చవకయింది, ఫోన్లు వాడలకు చేరినయి. తీగ ఊర్లోనే ఆగిపోయినా సిగ్నల్ వాడ దాకా వచ్చింది. అదే సిగ్నల్‌ను లాప్‌టాప్‌కు మళ్లించుడు ఎట్లనో ఇక్కడ చెప్తున్నం. చదువుకున్న పిల్లలు చదివి పెద్దలకు వినిపించండి.

మొదటి దారి హాట్‌స్పాట్. ఫోనులో మొబైల్ డేటా ఆన్ చెయ్యండి. సెట్టింగ్స్‌లో ‘హాట్‌స్పాట్, టెథరింగ్’ అన్న చోటు ఉంటది. అందులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, పేరు పెట్టి, కనీసం ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్ పెట్టండి. లాప్‌టాప్ తెర కింద మూలన వైఫై గుర్తు నొక్కితే ఆ పేరు కనబడతది. పాస్‌వర్డ్ కొడితే కలిసిపోతది. రేకుల ఇంట్లో సిగ్నల్ అందకపోతే ఫోనును కిటికీలోనో గడప దగ్గరనో పెట్టి లాప్‌టాప్‌తో లోపల కూర్చోండి. పది అడుగుల దూరం అడ్డం కాదు.

రెండో దారి కేబుల్. చార్జింగ్ కేబుల్‌తో ఫోనును లాప్‌టాప్‌కు కలిపి, అదే సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చెయ్యండి. ఫోన్ బ్యాటరీ అయిపోదు, పక్కింటోళ్లు మన నెట్ వాడుకోలేరు. కొన్ని చవక కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తయి, వాటితో నెట్ రాదు. అప్పుడు కేబుల్ మార్చి చూడండి. మూడోది బ్లూటూత్. బ్యాటరీ తక్కువ తింటది గానీ నెమ్మది.

ఒక జాగ్రత్త. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఫోనుకు లాప్‌టాప్ కలిపితే, అది మనకు చెప్పకుండా వెనకాల అప్‌డేట్లు దించుకొని ప్యాక్ మొత్తం మింగుతది. అందుకని లాప్‌టాప్ వైఫై సెట్టింగ్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చెయ్యండి. వీడియో పాఠం తక్కువ నాణ్యతలో పెట్టి చూడండి. పని అయిపోంగనే హాట్‌స్పాట్ బంద్ చెయ్యండి.

‘ఫోన్ ఉన్నది గద, లాప్‌టాప్ ఎందుకు’ అని కొందరు అడుగుతరు. రీల్స్ చూసేందుకు ఫోన్ చాలు. నాలుగు పేజీల దరఖాస్తు నింపి, సర్టిఫికెట్లు అడిగిన సైజులో జతచేసి, వంద ఆప్షన్ల వరుస సరిచూసి, కలెక్టర్‌కు అర్జీ టైపు చేసేందుకు పెద్ద తెర కావాలె. ఇంటికొకటి కొనే తాహతు మనకు లేదు. వాడకు ఒకటి చాలు. పాతదైనా సరే.

‘టవర్ కులం అడగదు’ అనేటోళ్లు ఉన్నరు. నిజమే, టవర్ అడగదు. ప్యాక్ ధర అడుగుతది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒక్కసారే రేట్లు పెంచినయి. కూలి రేటు అట్ల ఒక్క రాత్రిలో పెరిగిందా? 2020లో బడులు మూతబడి పాఠం టీవీల్లోకి, ఫోన్లలోకి పోయినప్పుడు ఎవరి పిల్లలు వెనుకబడ్డరో మనం కండ్లారా చూసినం. ఢిల్లీలో డిగ్రీ చదివే మన రాష్ట్రపు పేదింటి బిడ్డ ఒకరు లాప్‌టాప్‌కు, చదువు ఖర్చుకు తోవ లేక ఆ ఏడే ప్రాణం తీసుకున్నది. ఆ సంగతి మరవొద్దు.

ఇంకో మాట, మన ఇండ్లలోని మాట. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటది? కొడుకు రాత్రి దాకా ఆట ఆడితే ఏమీ అనం. బిడ్డ ఫోన్ పడితే ‘ఎవరితో మాట్లాడుతున్నవ్’ అంటం. దొర మనకు దస్తరం చూపించలేదని ఏడ్చిన మనం, మన బిడ్డకు ఫోన్ పాస్‌వర్డ్ చెప్పకపోతే దాన్ని ఏమనాలె? కేరళలో ఒక విద్యార్థిని హాస్టల్‌లో ఫోన్ మీద పెట్టిన ఆంక్షను ఒప్పుకోక కోర్టుకెక్కింది. 2019 సెప్టెంబర్‌లో అక్కడి హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సౌకర్యం అందుకోవడం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని తేల్చింది.

తీర్పు మంచిదే. కానీ తీర్పు తనంతట తాను వాడకు నడిచి రాదు. మహద్‌లో చవదార్ చెరువు అందరిదని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అంటరానివాళ్లన్నోళ్లకు ఒక్క చుక్క దక్కలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచిపోయి దోసిలి ముంచిన నాడే ఆ తీర్మానానికి తడి తగిలింది. ఇయ్యాల కూడా అంతే.

హాట్‌స్పాట్‌తో సర్కారు బాధ్యత తీరిపోయిందని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. మిషన్ భగీరథ పైపులతో పాటే ఇంటింటికీ ఫైబర్ అని చెప్పినోళ్లను అడగాలె. పంచాయతీ ఆఫీసులో, బడిలో, ఎస్సీ ఎస్టీ హాస్టళ్లలో నెట్, కంప్యూటర్ పెట్టాలని అర్జీ పెట్టాలె. ఆ అర్జీని కూడా మన లాప్‌టాప్ మీదనే టైపు చేద్దాం.

2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి సీతారాం తండా మునిగింది. వాగు ఇంట్లో జొరబడితే బియ్యం, బట్టలతో పాటు కాగితాలూ పోతయి. పాసుపుస్తకం, కులం సర్టిఫికెట్, మార్కుల మెమోలు ఫొటో తీసి దాచుకుంటే, డిజిలాకర్‌లో పెట్టుకుంటే వాగు వాటిని ముట్టదు.

వచ్చే సంచిక లోపు ప్రతి వాడలో, ప్రతి తండాలో మూడు పనులు జరగాలె. చదువుకున్న ఇద్దరు, అందులో ఒకరు ఆడపిల్ల, ఫోనుకు లాప్‌టాప్ కలుపుడు నేర్చుకొని పది మందికి నేర్పాలె. వారానికి ఒక సాయంత్రం అందరూ కూర్చొని, సర్వే నంబర్ కొట్టి భూభారతిలో ఎవరి భూమి ఎవరి పేరున ఉందో చూసుకోవాలె. మూడోది, ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరివి వాళ్లే కొట్టాలె. సంఘం నాయకుడు అడిగినా చెప్పొద్దు. మేము అడిగినా చెప్పొద్దు.

దస్తరం తెరిచే చెయ్యి మనది కావాలె!