పాత ఇనుము – బ్రతుకుతెరువు

“పాత ఇనుప సామానులకు ఉల్లిపాయలు” అను కేక వినబడని వీథి తెలుగునాట నేడు అరుదు. ఒకప్పుడు తోపుడుబండివాడు గొంతెత్తి అరచెడివాడు. ఇప్పుడు ఆటోకు కట్టిన మైకు ఆ పని చేయుచున్నది. విఱిగిన కొడవలి, చిల్లుపడిన బొక్కెన, తుప్పుపట్టిన సైకిలు చట్రము ఇల్లాలి కంటికి పెరటిలోని చెత్త. బండివానికి అవియే సరకు. త్రాసున తూచి, తగిన ఉల్లిపాయలో చిల్లరయో యిచ్చి, బండి నిండిన పిదప పాతసామానుల కొట్టునకు చేర్చును. ఈ వృత్తిని నమ్ముకొని ఒక కుటుంబము నిలుకడగా బ్రతుకగలదా యనునది విచారింపదగిన ప్రశ్న.

లోహమునకు ఒక గొప్ప గుణము కలదు. ఇనుమును ఎన్నిమారులు కరగించినను మరల ఇనుమే యగును. ఒక టన్ను తుక్కును కరగించి ఉక్కు చేసినచో 1.1 టన్నుల ముడిఖనిజము, 630 కిలోల బొగ్గు మిగులునని 2019లో భారత ప్రభుత్వము ప్రకటించిన ఉక్కు తుక్కు విధానమున చెప్పబడినది. అల్యూమినియము సంగతి మఱింత వింత. ఖనిజమునుండి దానిని తీయుటకు వలయు శక్తిలో ఇంచుమించు నూటికి 5 పాళ్ళతోనే పాత గిన్నె కరగి క్రొత్త లోహమగును. కావున తుక్కునకు గిరాకి లేని దినము రాదు. ఈ వృత్తిని పొగడువారు చూపు ఆధార మిదియే. అది సత్యమే. అయితే ఆ గిరాకి లోహమునకే గాని, దానిని ఏరువానికి గాదు.

ఒక లెక్క చూడుడు. బండివాడు కిలో 25 రూపాయల చొప్పున 40 కిలోల ఇనుము కొనెననుకొందము. పెట్టుబడి 1,000 రూపాయలు. కొట్టులో కిలోకు 29 రూపాయలు పలికినచో 1,160 వచ్చును. దినమంతయు ఎండలో తిరిగినందులకు దక్కునది 160 రూపాయలు. ఆ సాయంకాలము ధర 24కు దిగెనేని చేతికి వచ్చునది 960. పడిన కష్టము పోగా 40 రూపాయలు ఎదురు పెట్టుకొనవలసి యుండును. ఈ ధరను నిర్ణయించువాడు బండివాడు కాడు. కొట్టు యజమానియు గాడు. అది ఉక్కు కర్మాగారములను, దేశాంతరముల బేరములను అనుసరించి యుండును. 2008 నడుమ ఆకాశమంటిన తుక్కు ధరలు, ఆ యేడే ప్రపంచమున ఆర్థిక సంక్షోభము చెలరేగగా, కొలది నెలలలో సగమునకంటె దిగువకు జాఱినవి. న్యూయార్కులో బ్యాంకు కూలినచో తెలుగు పల్లెలో ఉల్లిపాయల తూకము తగ్గును!

ఐనను ఈ వృత్తిలో నిలద్రొక్కుకొన్నవారు లేకపోలేదు. వారి బలము భుజములలో గాక తెలివిలో నున్నది. జేబులోని చిన్న అయస్కాంతమే వారికి గీటురాయి. అది ఇనుమును పట్టును. రాగిని, ఇత్తడిని, అల్యూమినియమును పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కొన్ని రకములనైతే పట్టదు గనుక క్రొత్తవాడు మోసపోవుటయు కలదు. ఇనుముతో కలిపి తూచిన రాగి ఇనుము ధరకే పోవును. వేరుచేసినచో పలురెట్లు పలుకును. మెకానిక్ షెడ్డులతోను వెల్డింగు దుకాణములతోను వాడుక పెట్టుకొన్నవానికి సరకు వెదకుకొనుచు తిరుగవలసిన పని తగ్గును. ధర పడినప్పుడు నాలుగు దినములు సరకు నిలువ ఉంచుకొనగల చోటు, ఓపిక ఉన్నవానికి నష్టము తక్కువ. కాని పెక్కుమంది కొట్టు యజమానియొద్ద ఉదయమే బయానా పుచ్చుకొని బయలుదేరుదురు. అట్టివాడు సాయంకాలము అతడు చెప్పిన ధరకే సరకు ఇయ్యవలెను. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. సోమరితనముచే వీరు పేదలైరనువారు ఈ బయానా సంగతి యెఱుగరు.

మఱి ప్రాణభయమో? రాగికై తీగెల తొడుగులు కాల్చినచో వెలువడు పొగ ఊపిరితిత్తులను చెఱచును. పాత బ్యాటరీలోని ఆమ్లము చేతులు కాల్చును. అందలి సీసము విషము. 2010లో ఢిల్లీ నగరమందలి మాయాపురి తుక్కు బజారునకు కోబాల్టు-60 గల పరిశోధనశాల యంత్రమొకటి చేరినది. అదేమో తెలియక పనివారు దానిని విప్పిరి. రేడియోధార్మికతకు లోనై పలువురు జబ్బుపడగా ఒకడు మరణించెను. వీథి కాలువమూత, రైలుపట్టాల మర వంటి దొంగసొత్తు బండిలో దొరకినచో చెఱసాల తప్పదు. రైల్వే ఆస్తికి 1966 నుండి ప్రత్యేకమైన చట్టమే కలదు. ఇంతటి పనిలోనికి పసివారు దిగుట మిక్కిలి శోచనీయము. దినదినము చేతబడు చిల్లర బడికంటె తియ్యగా తోచును. 14 ఏండ్లు నిండనివారిని పనిలో పెట్టుట నేరమని 2016 నాటి చట్టసవరణ చెప్పుచున్నను, గోనెసంచి మోయు బాలురు నేటికిని కనబడుచునే యున్నారు.

కాగా ఒంటరివాడు తుక్కును నమ్మి పొట్టపోసికొనవచ్చును గాని, రేపటిని నమ్ముకొనలేడు. పలువురు కూడినప్పుడు స్థితి వేఱు. పుణె నగరమున చెత్త ఏరువారు 1993లో సంఘముగా నేర్పడిరి. ఆ సంఘమునుండియే 2008లో ‘స్వచ్ఛ్’ అను సహకార సంస్థ పుట్టినది. నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని, దాని సభ్యులు ఇంటింటికి పోయి చెత్త సేకరింతురు. గృహస్థులు నెలకింతయని రుసుము చెల్లింతురు. చెత్తలో దొరకిన లోహమును, కాగితమును అమ్ముకొను హక్కును సభ్యులదే. ధర పడిన నెలలో అమ్మకపు రాబడి తగ్గినను రుసుము నిలిచియుండును. గుర్తింపు కార్డు చూపిన పనివారిని గేటు కాపలాదారుడు దొంగలని శంకించి వెనుకకు త్రోయడు.